పార్టీ మామ

ఆయన అసలు పేరు ఇద్దరికే తెలుసు. ఒకటి ఆధార్ కార్డు, రెండు ఆయన భార్య. ఆమె మొగుడి పేరు పలకదు కాబట్టి ఇక మిగిలింది ఆధార్ కార్డే. సూర్యాపేటలో మా అందరికీ ఆయన పార్టీ మామ.

అలాగని ఏ జెండా మోసే మనిషీ కాదు. వడ్ల దళారి. కోతలు మొదలైతే పొద్దున కోదాడ వైపు పొలాల్లో ఉంటాడు, మధ్యాహ్నం మిర్యాలగూడ మిల్లుల ముందు ట్రాక్టర్ల వరుసలో, సాయంత్రం సూర్యాపేటలో చాయ్ బండి దగ్గర. మూడు చోట్లా నోట ఒక్కటే మాట, పార్టీ.

ఇంగ్లీషువాళ్లు ఆ మాటను గుంపుకు వాడుకున్నారు. మామ దగ్గరికొచ్చేసరికి అది ఒంటరి మగమనిషి అయిపోయింది. పార్టీ వచ్చిండు. పార్టీ తిన్నడు. పార్టీ పండుకున్నడు, లేపొద్దు. ఆడమనిషి వచ్చి బేరమాడితే మాత్రం ఆమె పార్టీ కాదు, "పార్టీ వాళ్ల ఇంటామె". వడ్లు ఆమెవే అయినా సరే.

కల్లం దగ్గర మామ పనితనం చూడాలి. గుప్పెడు వడ్లు తీసి అరచేతుల మధ్య నలుపుతాడు, ఊదుతాడు, ఒక గింజ పంటికింద పెట్టి చెవి రిక్కిస్తాడు. టక్కుమంటే ఎండినట్టు. మెత్తగా నలిగితే మొహం వాడిపోతుంది. "తమ్మీ, తేమ పదిహేడు దాటింది. సర్కారు కాంటాకాడనే తీసుకోరు, మా పార్టీ ముడతడా?"

"పార్టీ ఎవరు మామా?"

"ఉన్నడు. గట్టి పార్టీ."

అంతకుమించి చెప్పడు. రైతు దగ్గర మిల్లాయన పార్టీ, మిల్లాయన దగ్గర రైతు పార్టీ. ఆ ఇద్దరూ ఎదురుపడి పేర్లు చెప్పుకున్ననాడు మామకు కమీషన్ పోయినట్టే. తను మాత్రం ఎవరికీ పార్టీ కాడు. తరుగు దగ్గర తగాదా ముదిరి కాగితాలు కోర్టు దాకా పోయినా, మొదటి పార్టీ, రెండో పార్టీ అని రాసినచోట మామ ఉండడు. అడుగున సాక్షుల్లో వెతకాలి. సంతకం కూడా గింజంతే, గుర్తుపట్టడం కష్టం.

చిక్కల్లా ఈ మాటను మన జిల్లాలో వాడటంతోనే వచ్చింది. ఇక్కడ పాతతరానికి పార్టీ అంటే కమ్యూనిస్టు పార్టీ ఒక్కటే, ముందు పేరు తగిలించాల్సిన పనిలేదు. సాయుధ పోరాటం నడిపింది పార్టీ. నిషేధం ఉన్నందుకు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరు పెట్టుకుని, 1952లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డిని నెహ్రూను మించిన ఓట్లతో పార్లమెంటుకు పంపిందీ పార్టీయే. మా చాయ్ బండి దగ్గర కూర్చునే తాత ఆ కాలపు మనిషి. ఒక సాయంత్రం మామ ఫోన్‌లో మొత్తుకుంటున్నాడు.

"ఏందన్నా, పార్టీ రాత్రికి రాత్రి చేతులెత్తేసిండంట గదా!"

తాత గ్లాసు కిందపెట్టాడు. "ఎవడు చెప్పిండ్రా నీకు?"

"మిర్యాలగూడల అందరికీ తెలుసు తాతా. బాకీలల్ల మునిగిండు."

"64ల రెండు ముక్కలైనప్పుడే చేతులెత్తలే. పార్టీకి బాకీలెక్కడివి? ఇంటింటికి తిరిగి చందాలు తెచ్చేటోళ్లం."

"చందాలతోటి మిల్లు నడుస్తదా తాతా?"

"పార్టీ మిల్లెప్పుడు పెట్టింది?"

మామ ఫోన్ పెట్టేసి వివరించేలోపే తాత చెప్పులేసుకున్నాడు, నేరుగా పార్టీ ఆఫీసుకే పోయి అడుగుతానని. అక్కడ ఏం చెప్పారో తెలియదు గానీ, ఇప్పటికీ మామ కనిపిస్తే "నీ పార్టీ బాకీ తీర్చిందా?" అంటాడు.

మా అమ్మ సంగతి వేరు. ఆమెకు పార్టీ అంటే స్పెషల్ పార్టీ పోలీసులు. నక్సలైట్ల కాలంలో ఊళ్లోకి పార్టీ దిగిందంటే తలుపులు మూసుకునేవాళ్లట. మామ గుమ్మంలో నిలబడి "అక్కా, పార్టీని తీసుకొచ్చిన" అని కేక వేసిన ప్రతిసారీ ఆమె చెయ్యి గడియ మీదికి పోతుంది. కాలేజీ పిల్లలకేమో ఆ మాట చెవిన పడగానే బిర్యానీ వాసన. మేనల్లుడికి ఉద్యోగమొస్తే "మామా, పార్టీ ఎప్పుడు?" అన్నాడు. మామ ఫోన్ తీశాడు. "సన్నాలకా, దొడ్డువాటికా?"

లాటిన్‌లో ఈ మాటకు మూలం పంచడమట. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఈ సంగతి చెబితే మామ ఆశ్చర్యపోలేదు. "మరి? పంచకుంటె పార్టీ ఎట్లయితడు?" అన్నాడు, లాటిన్‌వాళ్లు కూడా బస్తాకింత అని మాట్లాడుకున్నట్టు.

మొన్న మామ కొడుక్కు సంబంధం చూడటానికి కోదాడ నుంచి పెళ్లిళ్ల పేరయ్య వచ్చాడు. ఇంటి దూలాల నుంచి దొడ్లో బర్రె దాకా పరీక్షగా చూశాడు. తర్వాత అరుగు మీదికి పోయి, గొంతు తగ్గించి పిల్లవాళ్లకు ఫోన్ చేశాడు. "ఆ, చూసిన. పార్టీ మంచోడే. జర బిగిస్తుండు గని, లొంగుతడు."

లోపల చాయ్ పోస్తున్న మామ చెయ్యి ఆగింది. వాకిట్లోకి చూశాడు, వీధిలోకి చూశాడు, ఇంకెవరైనా వచ్చారేమోనని. ఎవరూ లేరు. గ్లాసు పట్టుకుని అరుగు మీదికి పోయి పేరయ్య పక్కన కూర్చున్నాడు. చాలాసేపటికి మెల్లగా అడిగాడు:

"అన్నా, నువ్వు రెండు దిక్కులా తీసుకుంటవా, ఒక్క దిక్కేనా?"