గ్యాసు బాబాయి

మా వీధిలో ఎవరికి ఎక్కడ నొప్పెట్టినా బాబాయి నోట ఒకటే రోగం: గ్యాసు. ఛాతీలో మంటంటే గ్యాసు. నడుం పట్టేస్తే గ్యాసు కిందికి దిగింది. అల్లుడు ముభావంగా ఉన్నాడంటే వాడికి పైకి తన్నింది. చొక్కా జేబులో పెన్ను పక్కన పాంటాప్రజోల్ షీటు ఎప్పుడూ తొంగిచూస్తుంటుంది. ఆ మాత్ర తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. ఆయన ఉప్మా పెసరట్టు లాగించి, అల్లప్పచ్చడి అంటిన వేలితోనే నొక్కి తీస్తాడు.

అలాగని పరీక్షలంటే పడదనుకునేరు. పరాయివాళ్లకి ధారాళంగా రాస్తాడు. ఎదురింటి ఇంజినీరింగు కుర్రాడు డజను మిరపకాయ బజ్జీలు తిని రెండు తేన్పులు తేన్చాడో లేదో, "ఎందుకైనా మంచిది, ఎండోస్కోపీ చేయించెయ్" అన్నాడు. వాడు రెండ్రోజులు మజ్జిగన్నం తిని లేచి తిరిగాడు.

మొన్న వెళ్లేసరికి వసారాలో మేకూ పచ్చడిబండా పెట్టుకుని, బెల్టుకి కొత్త కన్నం కొడుతున్నాడు. అది రెండోది.

"చిక్కిపోయావేంటి బాబాయ్?"

"వాకింగురా."

లోపల్నుంచి పిన్ని అందుకుంది. "ఆ వాకింగు ఇడ్లీబండి దాకా! 64 ఏళ్లొచ్చాయి. మూడు నెలల్లో 6 కిలోలు తగ్గారు. నిన్నట్నుంచి విరేచనం తారులా అవుతోందట. ఆ మాట నాక్కాదు, పాలవాడికి చెప్పారు."

"ఐరన్ మాత్రలు వేసుకుంటే నల్లగానే అవుతుందే."

"వేసుకుంటున్నావా?"

"లేదనుకో." గొంతు సవరించుకున్నాడు. "ఆస్ట్రేలియాలో బారీ మార్షల్ అని డాక్టరున్నాడు. కడుపులో పుండ్లు బాక్టీరియా వల్లేనంటే ఎవరూ నమ్మలేదు. 1984లో ఆ హెలికోబాక్టర్ పైలోరీని కలుపుకుని తానే తాగేశాడు. 2005లో నోబెలిచ్చారు. చూశావా, సొంత వైద్యం!"

"తాగిన కొద్దిరోజులకే ఎండోస్కోపీ చేయించుకున్నాడు బాబాయ్."

మేకు కింద పెట్టాడు.

అప్పటికప్పుడే తీసుకెళ్లాం. గొంతులో తిమ్మిరి మందు కొట్టారు. ఆయన గ్యాసు ఊసెత్తకుండా గడిపిన అరగంట పిన్ని కాపురంలో అదే మొదటిదట. పుండు ఉంది, రక్తం చిమ్ముతోంది. ముక్క తీసి పరీక్షకి పంపితే, మార్షల్ తాగిన క్రిమే! 14 రోజుల మందులిచ్చారు. అందులో పాంటాప్రజోలూ ఉంది, తిండికి ముందు అని కింద గీత గీసి మరీ.

నెల తర్వాత ఇడ్లీబండి దగ్గర కనిపించాడు.

"గ్యాసు కాదన్నమాట బాబాయ్!"

"గ్యాసు మీలాంటివాళ్లకిరా," అన్నాడు, బెల్టు ఒక కన్నం వదులు చేసుకుంటూ. "మాది నోబెలొచ్చిన జబ్బు."