బంపర్ ఆఫర్

పెగడపల్లి నుంచి షెడ్డుకు పోయిన తెల్లకారు రెండు తెలుపులతో తిరిగొచ్చింది. బాడీది పాల తెలుపు, బంపర్‌ది మజ్జిగ తెలుపు. "ఎండకు కలిసిపోతది సార్" అన్నాడు పెయింటర్. ఎండకు కలవలేదు గానీ మొదటి వానకే పెచ్చులూడింది. బంపరేమో ప్లాస్టిక్‌ది, వాటర్‌పేపర్‌తో రుద్ది, ప్లాస్టిక్ ప్రైమర్ కొడితేనే రంగు పట్టుకుంటుంది. ఇక్కడ ప్రైమర్ మాటల్లోనే పడింది. పగులు పూడ్చిన పుట్టీ మీద మాత్రం వేలిముద్ర చక్కగా కనబడుతోంది. గ్యారంటీ సంతకం అదేనేమో! 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. సాక్ష్యానికి బిల్లు కావాలి గదా, అడిగితే "మనోళ్లకు బిల్లేంది సార్" అని పెయింటర్ చాయ్ చెప్పిండు. చాయ్ పైసలు కారు ఓనరే కట్టిండు.