కిలిమంజారో ఎక్కిన ఫ్లెక్సీ

మళ్లీ పంద్రాగస్టు వచ్చింది, కిలిమంజారో మళ్లీ లొంగిపోయింది. జిల్లా పేజీలో ఫొటో మామూలే. నల్ల కళ్లద్దాలు, ఉబ్బిన జాకెట్టు, ఒక చేతిలో జాతీయ జెండా, రెండో చేతిలో ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో పై వరసలో అధినేత, కింది వరసలో మంత్రిగారు, ఎమ్మెల్యేగారు, మండల అధ్యక్షుడు, ఓ మూలన ఖర్చు భరించిన రియల్ ఎస్టేట్ అన్న. కొండెక్కిన మనిషి ఎవరో మాత్రం భూతద్దం పెట్టి వెతుక్కోవాలి. శీర్షిక గురించి చెప్పేదేముంది, 'కిలిమంజారోను జయించిన మన జిల్లా బిడ్డ'.

ఏటా 35 వేల మందికి పైగా జయించడానికి వస్తుంటే ఆ కొండ ఇంకా నిలబడి ఉండటమే వింత. 2019లో యాన్ లోరిమర్ అనే 89 ఏళ్ల అమెరికన్ బామ్మ శిఖరం చేరుకుంది. అంతకు ఏడేళ్ల ముందు, రెండు కాళ్లూ లేని కెనడా వాసి స్పెన్సర్ వెస్ట్ చాలా దూరం చేతుల మీదే నడిచి పైకి వెళ్లాడు. సైమన్ ఎంటుయ్ అనే టాంజానియా గైడు 2006లో తన తిండీ నీళ్లూ తనే మోసుకుంటూ పైకెక్కి, పది గంటలు తిరక్కుండానే కిందికి దిగేశాడు. అతనికి ఏ చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారో కనుక్కోవాలి.

ఎక్కడం తేలికని ఎవరూ అనరు. 5,895 మీటర్ల ఎత్తున గాలిలో ప్రాణవాయువు సముద్రతీరంలో దొరికే దానిలో సగమే. తలనొప్పితో, వాంతులతో సగం దారిలో దిగిపోయేవాళ్లున్నారు, ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. అయితే మామూలు దారుల్లో తాడు అక్కర్లేదు, మంచుగొడ్డలి అక్కర్లేదు. ఒక జాతీయ పార్కులో రోజుకింత నడిచి, రాత్రికి టెంట్లో పడుకుని, చివరి రోజు అర్ధరాత్రి లేచి ఎక్కే నడక అది. ఓపిక కావాలి, డబ్బు కావాలి. దండయాత్ర భాష ఎందుకు కావాలో అర్థం కాదు.

అసలు వింత ఫ్లెక్సీ. టాంజానియా 2019 జూన్ నుంచి ప్లాస్టిక్ సంచుల్ని నిషేధించింది. విమానం దిగే పర్యాటకుల దగ్గర కూడా అవి ఉండకూడదు. కూరగాయల సంచికి లేని యోగం మన నాయకుల ముఖాలకు పట్టింది. చక్కగా చుట్టగా చుట్టుకుని బ్యాగులో దిగిపోతాయి. 2022 ఆగస్టులో విశాఖలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు. ఆ ప్రకటనకు ఫ్లెక్సీ భయపడిందో లేదో గానీ, ఆఫ్రికాలో కెల్లా ఎత్తయిన చోటు చూసుకుని అక్కడికి మకాం మార్చినట్టుంది.

ఆ శిఖరానికి జెండాల సంగతి బాగా తెలుసు. 1889లో జర్మన్ యాత్రికుడు హాన్స్ మేయర్ పైకెక్కి దానికి తమ కైజర్ పేరు పెట్టేశాడు. 1961 డిసెంబర్‌లో టాంగన్యికా స్వతంత్రమైన వేళ అలెగ్జాండర్ న్యిరెండా అనే సైనికాధికారి అక్కడ కాగడా వెలిగించి, కొత్త దేశం జెండా ఎగరేశాడు. చక్రవర్తి పేరు పోయి 'ఉహురు', అంటే స్వేచ్ఛ, వచ్చింది. పరాయి దొర పేరు వదిలించుకున్న చోటికి మన మండల అధ్యక్షుడి ఫొటో మోసుకెళ్లి, ఆయన పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పి రావడానికి ఎంత గుండె కావాలి!

మరి అంత గాలిలో ఫ్లెక్సీ నిలవాలంటే ఇద్దరు పట్టుకోవాలి. రెండో కొస పట్టుకునేది గైడు. పేపర్‌కు పంపే ముందు అతన్ని కత్తిరిస్తారు.

ఇక్కడితో నవ్వు ఆగిపోతుంది. గైడు లేకుండా ఎవరినీ కొండ ఎక్కనివ్వరు, అది పార్కు నియమం. అయినా 'ఒంటరిగా అధిరోహించిన' అని రాయించుకుంటారు. ఆ ఒంటరి వీరుడి వీపున ఉండేది నీళ్ల సీసా, వానకోటు, ఫ్లెక్సీ. టెంటు, పరుపు, భోజనాల బల్ల, కుర్చీలు, గ్యాసు, గుడ్లు, బియ్యం పోర్టర్ల నెత్తి మీద ఉంటాయి. ఇంకాస్త డబ్బు పారేస్తే మరుగుదొడ్డి కూడా వస్తుంది, దాన్నీ ఒక మనిషే మోస్తాడు, దాన్ని కడిగేదీ అతనే. పొద్దున వీరుడు టీ తాగి బయల్దేరాక వాళ్లు అన్నీ విప్పి, మూట కట్టి, దారిలో అతన్ని దాటిపోతారు. అతను రొప్పుతూ చేరేసరికి మళ్లీ టెంటు వేసి వేడినీళ్లు సిద్ధంగా ఉంచుతారు. ఒక్కొక్కరి మోత 20 కిలోలు మించకూడదని గేటు దగ్గర తూకం వేస్తారు. చాలీచాలని బూట్లతో, పలచటి కోట్లతో మోసేవాళ్లు ఎంతమందంటే, వాళ్లకు చలిబట్టలు అరువివ్వడం, కూలీ సరిగా అందుతోందా అని చూడటం 2003లో మొదలైన పోర్టర్ల సహాయ సంస్థకు నిత్యం చేసే పని అయింది.

మనవాళ్లేమో ప్యాకేజీ దగ్గర బేరమాడతారు. పార్కు ప్రవేశ రుసుము రోజుకు 70 డాలర్లు, టెంటు వేసిన ప్రతి రాత్రికీ మరో 50, పైన పన్ను. వీటిలో సెంటు కూడా తగ్గదు. మరి తగ్గిందెక్కడ? పోర్టరు కూలీలో, పోర్టరు అన్నంలో. ఇక్కడ సన్మాన సభలో శాలువా కప్పుకునేవాడు అక్కడ ఎవడి పూట కూడు కోసి వచ్చాడో అడిగే విలేకరి ఒక్కడూ ఉండడు. సిగ్గుచేటు.

మాలావత్ పూర్ణ సంగతి వేరు. భువనగిరి బండల మీద, డార్జిలింగ్‌లో శిక్షణ పొంది, 2014 మే 25న, పద్నాలుగేళ్లయినా నిండకుండా, ఎవరెస్ట్ ఎక్కిన గురుకుల విద్యార్థిని ఆమె. ఖమ్మం కుర్రాడు ఆనంద్‌కుమార్‌దీ అదే కథ. పూర్ణ పేరు పక్కన ఈ కూలీల మోత యాత్రల్ని పెట్టి 'మరో పూర్ణ' అని రాయడానికి కలం ఎలా ఒప్పుతుందో.

పదేళ్లలోపు పిల్లల్ని మామూలుగా కిలిమంజారో శిఖరానికి పంపరు. ప్రత్యేక అనుమతి తెచ్చుకుని మరీ తీసుకెళ్లే తండ్రులకు ఓ దండం. డబ్బు కడితే పత్రం అచ్చేసిచ్చే రికార్డు పుస్తకాలకు రెండు దండాలు. ఆ కొండ మీద 1912 నాటి మంచులో ఎనభై శాతానికి పైగా ఇప్పటికే కరిగిపోయింది గనుక, ముందుచూపున్న వీరులు వెనక మంచును కూడా ఫ్లెక్సీలోనే వేయించుకుంటే మంచిది.

ఫ్లెక్సీ లేకుండా కొండెక్కడం కుదరదంటే, ఈసారి దాని మీద ఆ పోర్టర్ల ఫొటోలు, పేర్లు వేయించవచ్చు. చోటు చాలదనుకుంటే ఎమ్మెల్యేగారి ఫొటో కాస్త చిన్నది చేస్తే సరి. కాకపోతే విమానం టికెట్టు కొనిచ్చింది ఆయనే.