మడమ లేని శికారీ

సాలూరు, కురుపాం, పాలకొండ, టెక్కలి, మందస, వీనిలో ఏ యూరికి పోయినను, పెంకుటింటి వసారాలో దుప్పికొమ్ముల క్రింద పడకకుర్చీ వేసికొని, వీధిని పోవు ప్రతి మనుష్యుడును తన కథకు శ్రోతగా పనికివచ్చునా రాదా యని అంచనా కట్టుచుండు పెద్దమనిషి ఒక్కడైన కానవచ్చును. 1948లో మద్రాసు శాసనసభ ఎస్టేటులను రద్దుచేసి ఆయన తాతగారి శిస్తులను, 1972లో పార్లమెంటు వన్యప్రాణి సంరక్షణ చట్టము చేసి ఆయన తండ్రిగారి వేటను హరించినవి. ఏ ప్రభుత్వమును హరింపలేకపోయినది ఒక రైఫిలును, దానివెంట కదలివచ్చు కథలును మాత్రమే.

దొరవారి గుండుకు కుందేలైన నేలకొరిగినట్లు సాక్ష్యము లేదు. వేట నిషిద్ధమైన నాటికి ఆయన నిక్కరు తొడుగు బాలుడు. అయినను కథనమున ఆయన గురి తప్పదు. మొదటి కాఫీవేళకు చిరుతగా బయలుదేరిన మృగము రెండవ కాఫీ వచ్చుసరికి పెద్దపులియై, శ్రోత లేవబోయినచో గుమ్మమునకు అడ్డముగా పండుకొనును.

ఆ రైఫిలు బర్మింగ్‌హాములో బి.ఎస్.ఏ. కంపెనీవారు చేసిన .315 బోరుది. సైన్యపు .303 తూటాలు ప్రజల చేత పడరాదని తెల్లదొరలు కట్టడి చేసిన దినములలో, సైన్యమువారి లీ బోల్టు యంత్రమునకే వేరొక తూటా నమర్చి ఈ దేశమున విక్రయించిన జాతి. దాని అక్రోటు మడమ ఎలుగుబంటి పంజాదెబ్బకు విరిగినదని దొరవారి వాదము. నిజమునకు దానిని తిన్నవి చెదపురుగులు. ఎలుగులకు చెదపురుగులు పరమభోజ్యములు గదా, ఆయన పూర్వులు ఎలుగులను అంత విచ్చలవిడిగా వేటాడి యుండనిచో ఆ యింట చెదలు ఇంతగా వర్ధిల్లి యుండెడివి కావేమో యని నాకొక అనుమానము కలదు గాని, ఆ వసారాలో దానిని పైకి అనువాడను కాను. ఉద్దానపు జీడితోటలలో ఎలుగు కనబడినదన్న వార్త పత్రికలో పడినప్పుడెల్ల ఆయన "మడమ లేకపోయె గాని!" అని పండ్లు కొరుకును. మడమ యున్నను ఆ జంతువుపై తుపాకి యెత్తినవాడు తిన్నగా జైలునకే పోవునని ఎవ్వరును గుర్తుచేయరు. ఊరివారికి ఆయనయందు అంత దయ కలదు.

ఇక మడమను వెదకు ప్రయత్నము. రైఫిలునకు మడమ మార్చుట గొడ్డలికి కామ మార్చుట వంటిది కాదు. విజయనగరపు బంధువొకరు ఉదారముగా మౌజరు కర్ర నొకదానిని పంపిరి. మౌజరుది గొట్టము క్రిందనుండి భుజము వరకు ఒకే మ్రాను. దొరవారిదో, ముందుకర్ర వేరు, మడమ వేరు. నడుమ ఇనుప కుదురొకటి యుండగా, మడమ పొడుగునా తొలిచిన రంధ్రము గుండ పొడవాటి బోల్టొకటి పోయి ఆ కుదురులో బిగియును. మౌజరు కర్ర నేడు పెరటిలో ఆనపతీగకు ఊతగా నున్నది.

స్వతంత్ర భారతమున .315 రైఫిళ్లను ఇచ్ఛాపూర్ కర్మాగారమువారు చేసిరని విన్నదే తడవుగా, ఆయన రైలెక్కి ఇచ్ఛాపురమున దిగి, "రైఫిలు ఫ్యాక్టరీకి పోనియ్యి" అని రిక్షావానిని ఆజ్ఞాపించెను. ఆ ఇచ్ఛాపూర్ కలకత్తాకు ఉత్తరమున హుగ్లీ నదిచెంత నున్నదని రిక్షావానికిని తెలియదు. కావున ఇద్దరును బాహుదా యొడ్డువరకు పోయి వచ్చిరి.

విశాఖపట్టణపు తుపాకుల దుకాణమున పాత లీ-ఎన్‌ఫీల్డు మడమలు బయటపడినవి. సైన్యమువారు పొట్టివానికిని పొడుగువానికిని ఒకే మడమ నిచ్చువారు కారు. అరంగుళము తేడాతో లాంగు, నార్మలు, షార్టు, అన్నిటికన్న చిన్నదైన బాంటము అని నాలుగు కొలతలు చేసిరి. దొరవారి ముంజేయి చూడగనే దుకాణదారుడు బాంటము తీసెను.

"బాంటమంటే ఏమిటయ్యా?"

"పొట్టి జాతి కోడి పేరండి, బాబుగారూ."

"మా వంశంలో కోళ్లు లేవు. లాంగు తియ్యి."

లాంగు భుజమున కానించగా ఆయన వ్రేలు మీటకు రెండంగుళముల యీవలనే ఆగిపోయెను. మెడ సాచెను, ఊపిరి బిగించెను, తుదకు కోటు విప్పెను. వ్రేలు చేరలేదు, వంశము దిగలేదు. వచ్చిన బస్సుననే తిరిగి పోయెను.

అప్పుడెవరో బొబ్బిలి చెంత గొల్లపల్లిని స్మరింపజేసిరి. ఒకే పనసమ్రానును తొలిచి ఏకాండివీణ చేయు చేతులకు మడమ యొక లెక్కయా? అయితే 1959 నాటి ఆయుధముల చట్టము 5వ సెక్షను ననుసరించి లైసెన్సు లేనివాడు తుపాకిని బాగుచేయరాదు గావున, ఇనుమును విశాఖ దుకాణమున విడిచి, చెదలు వదలిన కర్రముక్కను మాత్రము తువ్వాలులో చుట్టుకొని పోయెను. వీణెల పనివాడు దానిని వ్రేలితో తట్టి, చెవి యొగ్గి విని, పెదవి విరిచెను.

"నాదం లేదు, బావూ."

"దీనికి నాదం వేరే చోట ఉంటుందిలే. దీన్లాంటిది చెయ్యి."

ఆ మహాశిల్పి రవంతయు తేడా లేకుండ చేసెను. చెదలు తిన్న గుంటను గూడ అచ్చముగా పనసలో దింపెను! రెండవమారు చేసినది నునుపున, రంగున దివ్యముగా నుండెను. "సివరాకర్ని యాళి మొకం పెట్టమంతారేటి, బావూ?" అని యడిగినప్పుడు వలదను నిగ్రహము దొరవారికి లేకపోయెను.

దుకాణపు మేస్త్రీ ఆ మడమను కుదురునకు దింపుటకు, ఇనుమునకు దీపపు మసి పూసి, కర్రకు అదిమి, నల్లగా అంటిన చోటునే గోకి, మరల పూసి, మరల అదిమి, కర్రమొగము కుదురున సమముగా ఆనువరకు గోకుచునే యుండెను. అట్లు సమముగా ఆననిచో, పేలినప్పుడు వెనుకకు వచ్చు తన్ను ఒక్కచోటనే పడి కర్ర చీలిపోవును. దొరవారు మాత్రము "దిష్టి తగలకుండానా?" అని యడిగి, మసి దిష్టికే యని నిశ్చయించుకొని సంతోషించెను. పేల్చు నుద్దేశము ఎవ్వరికిని లేదు గనుక మేస్త్రీయు వివరింపలేదు.

ఆ నెలలోనే ఎన్నికలు ప్రకటింపబడినవి. లైసెన్సు తుపాకులన్నియు ఠాణాలో అప్పగింపవలెనన్న ఉత్తరువు వచ్చినది. రైఫిలు ఇల్లు వెడలు ఏకైక శికారు అదియే గావున, దొరవారు చలువ మడతల పంచె కట్టి ఊరేగింపుగా పోయెను. రైటరు తుపాకి నటునిటు త్రిప్పి చూచి, "రైఫిలు ఒకటి, కర్రపై సింహపు తల" అని రశీదు వ్రాసెను.

"సింహం కాదయ్యా, యాళి. కొట్టేసి రాయి."

వెనుక వరుసలో తుపాకులు పట్టుకొని నిలిచినవారు గొణుగుచుండగా, రైటరు "యాళి"కి ళకారమా లకారమా యని యడిగెను. దొరవారు కుర్చీ తెప్పించుకొని, గొల్లపల్లి ప్రయాణమునుండి చెప్పనారంభించెను.