బోరబండ కరపత్రానికి టీకా తాత్పర్యం

మూలం: మీ ఇంటికే ఫైబర్! 100 ఎంబీపీఎస్! ఇన్‌స్టలేషన్ ఫ్రీ!

టీక: మీ ఇంటికే = మీ సందు మొగలో కరెంటు స్తంభానికి వేలాడే పెట్టెకే; ఫైబర్ = ఆ పెట్టె దాకా గాజు పోగు, అక్కణ్ణించి రాగి లాన్ వైరు; 100 ఎంబీపీఎస్ = రౌటర్ పక్కనే కూర్చున్నవారికి; ఫ్రీ = ఆరు నెలల డబ్బు ముందే కట్టినవారికి.

తాత్పర్యం: మొదటి పాదంలో ‘దాదాపు’ అన్నది అధ్యాహారం. చివరి నాలుగు గజాల రాగి వేగాన్ని మింగేస్తుందని కొందరు వ్యాఖ్యాతల మతం, అది నిలవదు. బీఎస్ఎన్ఎల్ 2005లో టెలిఫోన్ తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చినప్పుడు ఎక్స్ఛేంజీకి ఎంత దూరమైతే వేగం అంత పడిపోయేది. ఆ తీగ మీద నడిచే ఏడీఎస్ఎల్2ప్లస్‌కు కూడా పరమావధి 24 ఎంబీపీఎస్. లాన్ వైరు జాతి వేరు. క్యాట్-5ఈ అయితే 100 మీటర్ల లోపు 1 జీబీపీఎస్‌నే మోస్తుంది. కనుక దోషం వైరులో లేదు, పెట్టెలో ఉంది. పెట్టెలో స్విచ్ ఉంటుంది, స్విచ్‌కు కరెంటు కావాలి. మే నెల గాలివానకు సందులో కరెంటు పోతే ఇంట్లో ఇన్వర్టర్ మీద ఫ్యాను తిరుగుతుంది, రౌటర్ లైట్లూ వెలుగుతాయి. కానీ పెట్టెలో బ్యాటరీ ఉంటే అది అయిపోయేదాకానే, ఎంఎంటీఎస్ రైల్లో ఒక్క స్టేషన్ అవతలి హైటెక్ సిటీతో మీటింగు. పిడుగు పడితే ఆ రాగే వోల్టేజీని లాన్ పోర్టు దాకా మోసుకొస్తుంది. అదే జీపాన్ పద్ధతిలో అయితే గాజు గడప దాటి లోపలికే వస్తుంది. ఒక పోగును ముప్పై రెండు ఇళ్లకు పంచే స్ప్లిటర్‌కు కరెంటే అక్కర్లేదు. గాజు ఘనత వేగం కాదు, దారిలో ఎవరి కరెంటు మీదా ఆధారపడకపోవడం.

పూర్వపక్షం: కరెంటు పోయినా పాత ల్యాండ్‌లైన్ మోగేది కదా? మోగేది. ఎక్స్ఛేంజీ బ్యాటరీల 48 వోల్టులు ఆ తీగ మీదే వచ్చేవి. ఆ పుణ్యం ఫోనుకే దక్కింది. మోడెం ఎప్పుడూ ఇంటి కరెంటే తింది. తెగిన రాగిని మెలిపెట్టి టేపు చుట్టవచ్చు, గాజును అతకడానికి స్ప్లైసింగ్ మిషన్ రావాలి అన్నది మాత్రం బలమైన ఆక్షేపణ, ఒప్పుకోవలసిందే. అయితే తెంపేవాడికి ఆ భేదం లేదు. 2025 ఆగస్టులో రామంతాపూర్ కృష్ణాష్టమి ఊరేగింపులో కరెంటు కొట్టి ఐదుగురు పోయాక, విద్యుత్ సంస్థ నగరంలో స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించింది. గాజూ రాగీ ఒకే గుత్తిలో నేల రాలాయి. గాజులో కరెంటు పారదన్న మాట నిజమే గాని, దాన్ని మోసే ఉక్కు తీగలో పారుతుంది. ఈ సూక్ష్మాన్ని ఏ కరపత్రమూ ఎత్తుకోదు.

ప్రయోగం: కనెక్షన్ ఇచ్చే అబ్బాయి వచ్చినప్పుడు ఎంబీపీఎస్ అడగనవసరం లేదు. ‘బయట పెట్టెకు కరెంటు ఎక్కణ్ణించి బాబూ?’ అంటే చాలు. పెట్టెకు కరెంటే వద్దంటే జీపాన్. ‘కింది షాపువాళ్ల మీటర్ నుంచి’ అంటే, షాపు షట్టర్ వేసేటప్పుడు ఆ స్విచ్ కూడా కట్టేస్తారా అన్నది రెండో ప్రశ్న.