కడవనీటి వాక్యమునకు టీకా తాత్పర్యములు

మూలము: "కడవలో నీళ్ళు సల్లగుండాయి, ఒక సెంబు తాగిపో నాయనా."

1960 వరకు చిత్తూరు జిల్లాలో చేరియుండిన తిరుత్తణి సీమలో, తిరువాలంగాడు కోవెలకు కర్తరి యెండలో నడచి వచ్చు బాటసారిని జూచి, అరుగుమీది ముసలమ్మ పలుకు వాక్యమిది. సూత్రకారులు క్లుప్తముగా వ్రాయుట వ్యాఖ్యాతల జీవనోపాధి కొరకే యని యొక మతము గలదు గనుక, ఆ యుపాధిని మేమును స్వీకరించుచున్నాము.

ప్రతిపదార్థము: కడవలో = కాల్చిన మట్టిదై, మెరుగుపూత లేని పాత్రయందు; నీళ్ళు = ఒండొంటిని ఆకర్షించుచు, ఒరసికొనుచు, క్షణమైన నిలుకడ లేక కదలుచుండు అణుసమూహము; సల్లగుండాయి = ఆ యణువుల చలనశక్తి సగటున చుట్టునున్న గాలియణువుల దానికంటె తక్కువగా నున్నది; ఒక సెంబు = దీనిని గూర్చి పిమ్మట చెప్పెదము; తాగిపో = స్పష్టము; నాయనా = సంబోధనము, దీనికి భౌతికశాస్త్రమున నర్థము లేదు.

విశేషార్థము: మట్టిగోడలోని సూక్ష్మరంధ్రముల వెంట నీరు వెలికి స్రవించి, కడవ పొట్ట క్రిందుగా రంగు ముదిరిన చెమ్మయై నిలుచును, వ్రేలితో తాకిన తడి యంటును, క్రింది యిసుక కుదురు ఎప్పుడును నానియుండును. ఆ చెమ్మలోని అణువులన్నియు సమానవేగము గలవి కావు. వాయువుల విషయమున మాక్స్‌వెల్ 1860లో గణించి చూపినట్లు, కొన్ని మందగాములు, పెక్కు మధ్యములు, కొన్ని మాత్రమే మహావేగము గలవి. ఈ కడపటివి పొరుగువారి యాకర్షణమును త్రెంచుకొని గాలిలోని కెగిరిపోవగా, సంపాదనపరులైన కొడుకులు పట్నమునకు వెడలిన ఉమ్మడి కుటుంబపు సగటు రాబడి వలె, మిగిలిన నీటి సగటు చలనశక్తి దిగిపోవును. ఒక గ్రాము నీరు ఆవిరియగుచు 580 కాలరీల వేడిని గొనిపోవును గావున, పది లీటర్ల కడవనుండి నూరు గ్రాములు పోయిన, వెలుపలినుండి వేడి చొరనిచో, నీటి ఉష్ణోగ్రత సుమారు ఆరు డిగ్రీలు తగ్గవలెను. ఎండగాలి కొంత వేడిని మరల అప్పగించును గనుక లెక్క అంత ఉదారముగా ఫలింపదు.

పూర్వపక్షము: ఆవిరి యణువులు సెకనుకు 650 మీటర్ల ప్రాంతపు వేగము గలవైనచో, వంటయింటి తాళింపు వాసన అరుగుమీది వారికి రెప్పపాటున చేరవలదా? హాలండు దేశీయుడగు బైస్ బలోట్ ఇట్టి యాక్షేపణమునే చేసెను. దీనికి సిద్ధాంతమును 1858లో క్లౌసియస్ చెప్పెను. అణువు తిన్నగా పోజాలదు. మన గాలిలో మిల్లీమీటరునందు పదివేలవ వంతైన సాగకమునుపే మరియొక అణువును ఢీకొని దారి తప్పును. కావున వెడలిన యావిరి కడవ చుట్టునే తచ్చాడును, కొంత మరల నీటిలో చేరును. దానిని ఊడ్చుకొనిపోవుటకు గాలి కావలెను. ముసలమ్మ కడవను నీడపట్టున, గాలి యాడు నడవలో నుంచుట యందులకే. తూర్పునుండి తడిగాలి వీచి ఉక్కపోసిన నాడు పోవునవి, వచ్చునవి సరిసమానములగుటకు చేరువై, మూలవాక్యము కేవలము మర్యాద మాటగా పరిణమించును.

అణువు నెవ్వరు చూచిరని యందురేని, ప్రమాణము గలదు. ఈ తిరువాలంగాటికి చెందిన రాజేంద్రచోళుని తామ్రశాసనము ముప్పదియొక్క రేకులతో బయల్పడిన 1905వ సంవత్సరముననే, ఐన్‌స్టైను ఒక పాత సమస్యను విప్పెను: 1827లో బ్రౌన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు నీటిలో కనుగొన్న సూక్ష్మకణముల యెడతెగని తత్తరపాటునకు, కంటి కగపడని అణువుల తాడనమే హేతువని ఆయన గణితముచే నిరూపింపగా, పెర్రిన్ ప్రయోగములచే దానిని స్థిరపరచి 1926లో నోబెల్ బహుమానమును బడసెను.

రత్నసభలో ఊర్ధ్వతాండవ మూర్తి వెలసిన యూరు గదా యని కొందరిచ్చట అణువులకు నటరాజనృత్యమును ఆరోపింతురు. మేమంగీకరింపము. స్వామి కాళితో పోటీపడి యాడెను. ఆ యాటకు తాళము గలదు, ఎత్తిన పాదమునకు ప్రయోజనము గలదు. అణువులకు తాళము లేదు, ప్రతిద్వంద్వి లేదు, చూచువారు లేరు. కోటానుకోట్ల తాళభంగములు కలసి సగటునం దొక నియమమునకు లోబడుట వేరొక వింత, దానికి స్వామివారి యరువు అక్కరలేదు.

ఇక "ఒక సెంబు" అనుట లోభము గాదు. తగ్గిన నీటికి మారుగా బావినీరు పోసిన, అది చల్లబడుటకు గంటలు పట్టును. వెనుక మరియొక బాటసారి వచ్చుచున్నాడు. చవుడు తేలిన నీటి లవణములు రంధ్రములను పూడ్చివేయుటచే పాతకడవ మరింత మందించును గనుక, ఏటేట వేసవికి క్రొత్తది కొనుటయు నీ వాక్యమునందే గర్భితము.

పాఠాంతరము: "కడవలో" అనుటకు "ఫ్రిజ్జులో" అని నవీనులు పఠింతురు. అర్థహాని లేదు, అచ్చటను గొట్టములోని యొక ద్రవము ఆవిరియగుచునే వేడిని హరించును. అయితే కడవ తన యావిరిని గాలికి విడిచిపెట్టును, ఫ్రిజ్జు దానిని మోటారుతో నొక్కి మరల ద్రవముగా జేసికొనును. కావున ఈ రెండవ పాఠమును గ్రహించువారు నెలనెల కరెంటు బిల్లు కట్టవలసియుండును.