ఫర్వానియాలో పదహారో రౌండు

కువైట్‌లోని ఫర్వానియాలో మనవాళ్లు నలుగురైదుగురు కలిసుండే రూముల్లో ఒక రకం మనిషి తగులుతుంటాడు. వయసు యాభైకి అటూ ఇటూ, పని కువైటీ ఇంట్లో డ్రైవరు, సొంతూరు రాయచోటో రాజంపేటో. అసలు పేరు అకామాలో, అంటే నివాస పర్మిట్‌లో, ఉంటుంది గానీ రూములో అందరికీ ఆయన బాక్సింగ్ చిన్నాయనే. గ్లవ్స్ తొడిగింది లేదు, ఎవర్నీ కొట్టింది లేదు. ఆయన దగ్గరగా చూసిన రింగులు అయిదో రింగ్ రోడ్డు, ఆరో రింగ్ రోడ్డు మాత్రమే. కానీ శుక్రవారం సెలవు దొరికి, రూముకొచ్చి, కడుపునిండా తిని గోడకు ఆనుకున్నాడంటే మొదలుపెడతాడు: "మోంజోన్‌కీ హాగ్లర్‌కీ పడుంటే ఎట్లుండేదిరా?" ఇద్దరూ మిడిల్‌వెయిట్ ప్రపంచ చాంపియన్లు. కార్లోస్ మోంజోన్‌ది అర్జెంటీనా, 1970 నుంచి 1977 దాకా ఆయన రాజ్యం. మార్విన్ హాగ్లర్‌ది అమెరికా, ఆయన ఏలుబడి 1980 నుంచి 1987 దాకా. మధ్యలో మూడేళ్లు ఖాళీ. చిన్నాయన కాపురమంతా ఆ మూడేళ్లలోనే.

పనిలేనివాడి సోది అని కొట్టిపారేసేవాళ్లున్నారు. వాళ్లకు డ్రైవరు పని తెలియదనే చెప్పాలి. ఆ పనిలో నడిపేది తక్కువ, ఎదురుచూసేది ఎక్కువ. స్కూలు ముందు, మాల్ ముందు, రాత్రయితే మగవాళ్లు చేరి కబుర్లాడుకునే దివానియా ముందు. చేతిలో ఫోనుంటుంది, ఫోనులో పాత పోటీలన్నీ ఉంటాయి. మోంజోన్ చివరి పోటీ 1977లో మోంటే కార్లోలో వాల్డెస్‌తో జరిగింది. మొత్తం పదిహేను రౌండ్లు, విరామాలతో కలిపి 59 నిమిషాలు. ఇంటి యజమానురాలు 'మామా' సెలూన్‌లోకి వెళ్లి బయటికొచ్చేలోపు హాయిగా అయిపోతుంది. 1985లో హాగ్లర్, హర్న్స్‌ల పోటీ మూడో రౌండులోనే ముగిసింది, అది బడి గంట కొట్టాక పిల్లలు కారెక్కేలోపు చూసే సరుకు. ఇలా ఏళ్ల తరబడి చూసినవాడికి ఆ ఆటలో పాండిత్యం రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. కాబట్టి ఆయనది ఉత్త ఊకదంపుడు కాదు. మోంజోన్ పొడగరి అనీ, 1964 తర్వాత రిటైరయ్యేదాకా ఒక్కసారీ ఓడలేదనీ, టైటిల్‌ను పద్నాలుగుసార్లు నిలబెట్టుకున్నాడనీ చెబుతాడు. హాగ్లర్ ఎడమచేతివాటం నిలుపు నుంచి కుడికి మారితే ఎదుటివాడి లెక్క ఎట్లా తప్పుతుందో లేచి నిలబడి, లుంగీ ఎగ్గట్టి మరీ చూపిస్తాడు. హాగ్లర్ కింద పడింది కెరీర్ మొత్తంలో ఒక్కసారి, 1984లో రోల్డాన్ మీద. అదీ దెబ్బకు కాదు, జారిపడ్డానని ఆయనే అన్నాడు. జారడమా, పడడమా అన్నదాని మీద చిన్నాయన టీ చల్లారేదాకా మాట్లాడగలడు.

అయితే సినిమా హీరోల గురించి మాట్లాడుకోవచ్చుగా, మన పార్టీల గురించి వాదించుకోవచ్చుగా, పోనీ క్రికెట్ ఏం పాపం చేసింది అని అడగొచ్చు. సరిగ్గా అక్కడే ఉంది ఆయన తెలివి. ఆ రూములో కడపవాళ్లుంటారు, కోనసీమవాళ్లుంటారు, ఇద్దరు ముగ్గురు హీరోల అభిమానులుంటారు, ఎన్నికలొస్తే రెండు మూడు జెండాలుంటాయి. హీరోల మాటొస్తే రాత్రి వంట వంతు ఎగిరిపోతుంది. పార్టీల మాటొస్తే ఏసీ రిమోట్ మాయమవుతుంది. మోంజోన్ పేరు ఎత్తితే మాత్రం ఎవరి అన్నం కుండకూ ముప్పు లేదు. మోంజోన్‌ది ఏ కులమో ఎవరికీ తెలియదు, హాగ్లర్‌కు ఫర్వానియాలో బామ్మర్ది లేడు. ఇద్దరూ పోయారు, ఒకరు 1995లో, ఇంకొకరు 2021లో. గొంతు చించుకుని అరుచుకోవచ్చు, అరిచాక ఒకే పళ్లెంలో ఖుబూస్ రొట్టె తుంచుకోవచ్చు. పహిల్వాన్లు కోడి రామ్మూర్తికీ గామాకూ జోడీ కడితే మన గౌరవం కాదా అనే దేశభక్తుడు ప్రతి రూములోనూ ఒకడుంటాడు. వద్దంటాడు చిన్నాయన. రామ్మూర్తి అనగానే శ్రీకాకుళంవాడు రోషం తెచ్చుకుంటాడు, గామా అనగానే పక్క రూము పాకిస్తానీ భాయ్ తలుపు తీస్తాడు.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ ఇంకొకటుంది. ఎన్నటికీ తేలని వాదన ఎందుకు, కంప్యూటర్లో పడేస్తే చెప్పదా అని రాజోలు కుర్రాడెవడో అంటాడు. చిన్నాయన ఆ మాట కోసమే కాచుక్కూర్చునుంటాడు. ఆ ముచ్చటా తీరిపోయింది. మయామీలో వొరోనర్ అనే రేడియో నిర్మాత బాక్సర్లు మార్సియానోనూ, అలీనీ కంప్యూటర్ చేత కొట్టించాడు. 1969లో ఆ ఇద్దరి చేతా ఉత్తుత్తి దెబ్బలు వేయించి సినిమా తీశాడు. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో చూపిస్తే మార్సియానో పదమూడో రౌండులో గెలిచాడు. ఆ సినిమా వచ్చేనాటికే మార్సియానో విమాన ప్రమాదంలో పోయాడు. ఎవరైనా ఒప్పుకున్నారా? యాభై ఏళ్లు దాటినా జనం కొట్టుకుంటూనే ఉన్నారు. నన్నడిగితే ఇక్కడ చిన్నాయన పక్షమే న్యాయం. మోంజోన్ కాలంలో టైటిల్ పోటీ అంటే పదిహేను రౌండ్లు. 1982లో కొరియా బాక్సర్ కిమ్ దెబ్బలకు చనిపోయాక పన్నెండుకు కుదించడం మొదలైంది. 1987లో హాగ్లర్‌తో తలపడ్డ లెనర్డ్ పట్టుబట్టి ఆయన్ను పన్నెండుకే ఒప్పించాడు, న్యాయనిర్ణేతలు చీలిపోయినా గెలుపు లెనర్డ్‌దే అయింది. ఇంకో మూడు రౌండ్లుంటే ఎవరు గెలిచేవారు? నిజంగా జరిగిన పోటీయే తేలనప్పుడు జరగనిదాన్ని యంత్రం ఎట్లా తేలుస్తుంది? మోంజోన్ బలం చివరి రౌండ్లలో బయటపడేది. మరి మన ఊహాపోటీకి ఏ కాలపు రూలు పెట్టాలి? అది తేలకుండా ఎవరు గెలిచారన్నా బుకాయింపే.

ఇంత న్యాయం మాట్లాడే మనిషికీ ఒక దొంగదెబ్బ ఉంది. ఓడిపోతున్నానని అనిపిస్తే హ్యారీ గ్రెబ్‌ను దింపుతాడు. 1923 నుంచి 1926 దాకా చాంపియన్, మూడు వందల దాకా పోటీలు ఆడినవాడు, ఒక కంటి చూపు పోయినా కొట్లాడినవాడు. పోటీలో ఆయన ఆట ఒక్కటంటే ఒక్కటి ఫిల్ములో మిగల్లేదు. ఎవరూ చూడని మనిషిని ఎవరు కాదనగలరు? "గ్రెబ్ ముందర మీవోళ్లిద్దరూ పిల్లకాయలు" అంటాడు, కాళ్లు చాపుకుంటాడు.

ఆ ధీమాకు గండి కొట్టేది నిజామాబాద్ నుంచి కొత్తగా దిగిన కుర్రాడు. "మరి మా నిఖత్ జరీన్ సంగతేంది చిన్నాయనా? 2022ల ఇస్తాంబుల్‌ల ఒకటి, 2023ల ఢిల్లీల ఒకటి, రెండు ప్రపంచ స్వర్ణాలు" అంటాడు. చావొచ్చిపడుతుంది. ఆమె బతికుంది, బరిలో ఉంది, ఊరుంది, ఊరివాడు ఎదురుగా కూర్చునున్నాడు. కాదంటే కొట్లాట, ఔనంటే రేపటి నుంచి ఎవరి జిల్లా వాళ్లది. చిన్నాయన గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకుంటాడు. "మిడిల్‌వెయిట్ అంటే 160 పౌండ్లు, అంటే డెబ్భై రెండున్నర కిలోలు. ఆ బిడ్డ ఢిల్లీలో గెలిచింది యాభైలో. తూకం కుదరదు నాయనా, నువ్వు పోయి ఆ సాంబారు దించు."